మోకిల ఇంటికి కరెంటు ఏ దారిలో వస్తుంది? సబ్‌స్టేషన్ చేసే పని ఇదీ

సెహరీ వేళ కరెంటు పోతే ఇంట్లో ముందుగా వినిపించే మాట, "సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేయండి" అని. ఆ సబ్‌స్టేషన్‌లో అసలు ఏం జరుగుతుందో మాత్రం చాలామందికి తెలియదు. కరెంటు అక్కడే తయారవుతుందని కొందరు అనుకుంటారు. ఆపరేటర్ స్విచ్ వేస్తే వస్తుంది, తీస్తే పోతుంది, అంతే కదా అని ఇంకొందరు అనుకుంటారు.

నిజానికి సబ్‌స్టేషన్‌లో కరెంటు తయారు కాదు. మన కోసం అక్కడ నిల్వ చేసి ఉంచేదీ ఏమీ లేదు. దూరం నుంచి వచ్చిన కరెంటు వోల్టేజీని మార్చడం, దాన్ని వేర్వేరు లైన్లలోకి మళ్లించడం, ఎక్కడైనా తేడా వస్తే ఆ భాగాన్ని క్షణాల్లో వేరు చేసి మిగతా ఊళ్లను కాపాడటం. ఈ మూడే దాని పనులు. మూడో పని గురించి మాట్లాడుకునేది తక్కువ. మన ఇళ్ల భద్రత, స్తంభం ఎక్కే లైన్‌మన్ ప్రాణం ఎక్కువగా ఆధారపడేది మాత్రం దాని మీదే.

రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలంలోని మోకిల, దాని చుట్టుపక్కల మొయినాబాద్, చేవెళ్ల ప్రాంతాలను ఉదాహరణగా తీసుకుంటే ఈ వ్యవస్థ సులువుగా అర్థమవుతుంది. ఒకవైపు కూరగాయలు, పూల తోటలు, బోరు మోటార్లు. ఇంకోవైపు విల్లాలు, కాలేజీలు, ఫంక్షన్ హాళ్లు. అటు కాస్త ముందుకు వెళ్తే కోకాపేట, రాయదుర్గం ఐటీ భవనాలు. ఇన్ని రకాల అవసరాలను ఒకే గ్రిడ్ మోస్తోంది.

వోల్టేజీ పెంచడం ఎందుకు, మళ్లీ తగ్గించడం ఎందుకు?

తెలంగాణకు కరెంటు రామగుండం, కొత్తగూడెం, మణుగూరు, భూపాలపల్లి, జైపూర్ వంటి చోట్ల ఉన్న థర్మల్ కేంద్రాల నుంచి, శ్రీశైలం, నాగార్జునసాగర్ జల విద్యుత్ కేంద్రాల నుంచి వస్తుంది. సోలార్ ప్లాంట్ల నుంచి, ఇతర రాష్ట్రాల నుంచి కూడా వస్తుంది. ఇవన్నీ హైదరాబాద్‌కు దూరం. అంత దూరం తీగల్లో ప్రయాణించేటప్పుడు కొంత కరెంటు వేడిగా మారి వృథా అవుతుంది.

ఈ వృథా తీగలో పారే ఆంపియర్ల మీద ఆధారపడి ఉంటుంది. ఆంపియర్లు రెట్టింపైతే నష్టం రెట్టింపుతో ఆగదు, నాలుగు రెట్లవుతుంది. అందుకని అదే పవర్‌ను ఎక్కువ వోల్టేజీతో, తక్కువ ఆంపియర్లతో పంపుతారు. ఒక చిన్న లెక్క చూద్దాం. 100 మెగావాట్లను 33 కేవీ లైన్‌లో పంపాలంటే దాదాపు 1,750 ఆంపియర్లు పారాలి. అదే 100 మెగావాట్లను 400 కేవీలో పంపితే సుమారు 144 ఆంపియర్లు చాలు. ఆంపియర్లు పన్నెండో వంతుకు తగ్గాయి. తీగ అదే అనుకుంటే నష్టం దాదాపు 147వ వంతుకు పడిపోతుంది.

దూరప్రయాణానికి ఎక్కువ వోల్టేజీ లాభం. ఇంట్లోకి మాత్రం ఆ వోల్టేజీ రాకూడదు. 230 వోల్టుల ఫ్యాను 400 కేవీతో తిరగదు కదా. అందుకే దారి పొడవునా మెట్లు మెట్లుగా వోల్టేజీ తగ్గిస్తూ రావాలి. ఆ మెట్లలో చాలా వరకు సబ్‌స్టేషన్లే.

వ్యాపారం తెలిసినవాళ్లకు దీన్ని మార్కెట్‌తో పోల్చి చెప్పొచ్చు. విద్యుత్ కేంద్రం ఫ్యాక్టరీ. 400 కేవీ సబ్‌స్టేషన్ హోల్‌సేల్ గోదాం. 220, 132 కేవీ సబ్‌స్టేషన్లు డీలర్లు. 33/11 కేవీ సబ్‌స్టేషన్ మన బస్తీలోని దుకాణం. ఒక్క తేడా ఉంది. ఈ గోదాంలో సరుకు ఒక్క సెకను కూడా ఆగదు. వచ్చింది వచ్చినట్టే వెళ్లిపోవాలి.

ఆ మెట్లు ఇవీ

అన్నిటికన్నా పై మెట్టు 765 కేవీ. మహారాష్ట్రలోని వార్ధా నుంచి నిజామాబాద్ మీదుగా మహేశ్వరం వరకు పవర్‌గ్రిడ్ సంస్థ 765 కేవీ లైన్ వేసింది. ఉత్తరాది, పడమటి రాష్ట్రాల్లో తయారైన కరెంటు హైదరాబాద్ అంచుకు చేరే పెద్ద దారుల్లో ఇది ఒకటి.

దాని కింద 400 కేవీ. హైదరాబాద్ చుట్టూ ఈ స్థాయి సబ్‌స్టేషన్లు ఒక వలయంలా ఉన్నాయి. మోకిల వైపు వాళ్లకు దగ్గరగా ఉన్నవి రెండు. ఒకటి మొయినాబాద్ మండలం కేతిరెడ్డిపల్లిలో ఉంది. రెండోది ఎద్దుమైలారం దగ్గరిది, దీన్ని శంకర్‌పల్లి సబ్‌స్టేషన్ అని కూడా అంటారు. కేతిరెడ్డిపల్లి నుంచే రాయదుర్గంలోని 400 కేవీ సబ్‌స్టేషన్‌కు లైన్ వెళ్తుంది. అంటే హైటెక్ సిటీ వైపు వెలిగే అద్దాల భవనాలకు మొయినాబాద్ పొలాల మధ్య ఉన్న ఒక సబ్‌స్టేషన్ ఆధారంగా నిలుస్తోంది.

రాయదుర్గంలో స్థలం ఖరీదు, పైగా దొరకదు. అందుకే అక్కడ గ్యాస్ ఇన్సులేటెడ్ పద్ధతిలో కట్టారు. మామూలు సబ్‌స్టేషన్‌లో తీగల మధ్య గాలే ఇన్సులేషన్, కాబట్టి దూరం దూరంగా ఉంచాలి, ఎకరాల కొద్దీ స్థలం కావాలి. గ్యాస్ పద్ధతిలో తీగలను లోహపు గొట్టాల్లో పెట్టి లోపల ఎస్‌ఎఫ్6 అనే వాయువు నింపుతారు. చాలా తక్కువ స్థలంలో పని అయిపోతుంది.

తర్వాతి మెట్లు 220 కేవీ, 132 కేవీ. ఇంతవరకు బాధ్యత తెలంగాణ ట్రాన్స్‌కోది. 33 కేవీ దగ్గర నుంచి బాధ్యత పంపిణీ సంస్థది. ఈ ప్రాంతానికి అది దక్షిణ తెలంగాణ డిస్కం, అంటే టీజీఎస్‌పీడీసీఎల్. ఊళ్లో చుట్టూ కంచె, చిన్న కంట్రోల్ రూమ్‌తో కనిపించే సబ్‌స్టేషన్ ఈ 33/11 కేవీ రకానిదే. అక్కడి నుంచి 11 కేవీ ఫీడర్లు బయల్దేరుతాయి. వీధి మూలన దిమ్మె మీద ఉండే ట్రాన్స్‌ఫార్మర్ ఆ 11 కేవీని ఇంటికి సరిపోయే స్థాయికి దించుతుంది.

కంచె లోపల ఏమేమి ఉంటాయి?

బయటి నుంచి చూస్తే ఇనుప స్తంభాలు, పింగాణీ గిన్నెలు, తీగల గజిబిజిలా ఉంటుంది. ఒక్కోదానికి ఒక్కో పని ఉంది.

పవర్ ట్రాన్స్‌ఫార్మర్: అన్నిటికన్నా పెద్దది, ఖరీదైనది ఇదే. ఇనుప కోర్ మీద రెండు రకాల చుట్లు, చుట్టూ నూనె. ఆ నూనె చల్లబరుస్తుంది, ఇన్సులేషన్‌గానూ పనిచేస్తుంది. పక్కన కనిపించే రెక్కలు వేడిని బయటికి వదలడానికి. మే నెల ఎండలో, అందరి ఏసీలూ నడిచే వేళ దీని మీద ఒత్తిడి బాగా పెరుగుతుంది.

సర్క్యూట్ బ్రేకర్: సబ్‌స్టేషన్‌కు కాపలాదారు. లైన్‌లో తప్పు జరిగితే సెకనులో చిన్న భాగంలోనే సరఫరా కట్ చేస్తుంది. మామూలు స్విచ్ ఈ పని చేయలేదు. వేల ఆంపియర్లు పారుతుండగా తీస్తే మధ్యలో మంట లేస్తుంది. ఆ మంటను ఆర్పే ఏర్పాటు బ్రేకర్ లోపలే ఉంటుంది.

ఐసోలేటర్: బ్రేకర్ కట్ చేసిన తర్వాత లైన్‌ను కంటికి కనిపించేలా విడదీసేది. కరెంటు పారుతుండగా దీన్ని తీయకూడదు. స్తంభాల మీద ఉండే ఏబీ స్విచ్ ఈ జాతిదే.

సీటీలు, పీటీలు, రిలేలు: సీటీ ఆంపియర్లను, పీటీ వోల్టేజీని కొలిచి రిలేకు చెబుతాయి. తేడా ఉందో లేదో రిలే తేల్చి బ్రేకర్‌కు ఆజ్ఞ ఇస్తుంది. ఇవి కళ్లు, రిలే బుర్ర, బ్రేకర్ చెయ్యి అనుకోవచ్చు.

బ్యాటరీ గది: గ్రిడ్ నుంచి కరెంటు పూర్తిగా పోయినా రిలేలు, బ్రేకర్లు పనిచేయాలి కదా. అందుకు వేరుగా డీసీ బ్యాటరీలు ఉంటాయి. ఇవి బాగా లేకపోతే తప్పును కనిపెట్టినా కట్ చేసే శక్తి ఉండదు.

లైట్నింగ్ అరెస్టర్లు, ఎర్తింగ్: పిడుగు పడితే దాని శక్తిని భూమిలోకి పంపేవి. నేలలో రాగి లేదా ఇనుప వల పాతి ఉంటుంది.

కంకర: నేలంతా పరిచిన ఈ రాళ్లు అందం కోసం కాదు. ఫాల్ట్ జరిగినప్పుడు నేలలోకి కరెంటు దిగుతుంది. అప్పుడు రెండు పాదాల మధ్య వోల్టేజీ తేడా వచ్చి మనిషి షాక్‌కు గురయ్యే ప్రమాదం ఉంది. కంకర ఆ ప్రమాదాన్ని తగ్గిస్తుంది. నూనె కారినా నేల మీద మడుగు కట్టనివ్వదు, గడ్డి పెరగనివ్వదు.

గాలివానలో కరెంటు ఎందుకు పోతుంది?

గాలికి చెట్టు కొమ్మ విరిగి 11 కేవీ తీగ మీద పడింది అనుకుందాం. ఆ దారిలో కరెంటు ఒక్కసారిగా భూమిలోకి పారబోతుంది. రిలే పసిగట్టి బ్రేకర్‌ను ట్రిప్ చేస్తుంది. ఆ ఫీడర్ మీద ఉన్న ఊళ్లన్నీ చీకటవుతాయి. జనం దీన్ని సబ్‌స్టేషన్ పాడైంది అంటారు. నిజానికి సబ్‌స్టేషన్ తన పని సరిగ్గా చేసింది. అది ట్రిప్ కాకపోతే తెగిన తీగ కరెంటుతోనే నేల మీద పడి ఉండేది. దాన్ని తొక్కిన మనిషో, పశువో ప్రాణం పోగొట్టుకునేది.

తర్వాత ఆపరేటర్ ఒకసారి లైన్‌ను ఛార్జ్ చేసి చూస్తాడు. కొమ్మ జారి కింద పడిపోతే లైన్ నిలబడుతుంది. మళ్లీ ట్రిప్ అయితే తప్పు ఇంకా ఉన్నట్టే. అప్పుడు సిబ్బంది లైన్ వెంట వెతుక్కుంటూ వెళ్లాలి. వానలో, చీకట్లో, పొలం గట్ల మీద కిలోమీటర్ల కొద్దీ. ఆలస్యం అయ్యేది ఇక్కడే.

తప్పు దొరికాక లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు ఎల్‌సీ తీసుకోవాలి. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. ఫలానా ఫీడర్ ఆపేశాం, మీరు తిరిగి చెప్పేదాకా ఛార్జ్ చేయం అని సబ్‌స్టేషన్ ఇచ్చే హామీ అది. దాన్ని రిజిస్టర్‌లో రాస్తారు. పని అయ్యాక ఎల్‌సీ తిరిగి ఇస్తేనే బ్రేకర్ వేయాలి. ఇందులో ఒక్క తప్పు జరిగినా పైన ఉన్న మనిషి బతకడు. అందుకే "ఇంకా ఎంతసేపు, తొందరగా వేయండి" అని సబ్‌స్టేషన్ మీదికి వెళ్లి ఒత్తిడి చేయడం చాలా ప్రమాదకరం. ఆ తొందర ఇంకొకరి ఇంటి దీపాన్ని ఆర్పేయగలదు.

విద్యుత్ సిబ్బంది పని ఎంత ప్రమాదమో రాష్ట్రానికి 2020లో తెలిసివచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమ గట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు చెలరేగి తొమ్మిది మంది చనిపోయారు.

ఒక్క సబ్‌స్టేషన్, మొత్తం గ్రిడ్

కరెంటును ఎంత వాడుతుంటే అంతే తయారు చేయాలి, అదీ అదే క్షణంలో. ఈ సమతూకం ఫ్రీక్వెన్సీలో కనిపిస్తుంది. మన దేశంలో అది 50 హెర్ట్జ్. నిబంధన ప్రకారం 49.90 నుంచి 50.05 మధ్య ఉంచాలి. వాడకం ఎక్కువైతే ఫ్రీక్వెన్సీ పడిపోతుంది, తక్కువైతే పెరుగుతుంది. హైదరాబాద్ విద్యుత్ సౌధలోని రాష్ట్ర లోడ్ డిస్పాచ్ కేంద్రం, బెంగళూరులోని దక్షిణ ప్రాంత కేంద్రం దీన్ని రాత్రీపగలూ చూస్తుంటాయి. వాటికి వివరాలు అందించేవి, వాటి ఆజ్ఞలు అమలు చేసేవి సబ్‌స్టేషన్లు. ఫ్రీక్వెన్సీ మరీ పడిపోతే కొన్ని ఫీడర్లను తమంతట తామే ఆపేసే రిలేలు కూడా ఉంటాయి. కొన్ని ఊళ్లకు కాసేపు కరెంటు పోయినా మొత్తం గ్రిడ్ కూలకుండా ఉండటం కోసం.

గ్రిడ్ కూలితే ఏమవుతుందో దేశం 2012లో చూసింది. జులై 30న ఉత్తరాది గ్రిడ్ కుప్పకూలింది. మర్నాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ పడిపోయాయి. సుమారు 60 కోట్ల మంది ఉండే ప్రాంతాలు చీకటిలో ఉండిపోయాయి. రైళ్లు ఆగాయి, గనుల్లో కార్మికులు చిక్కుకున్నారు. ఎక్కువ భారం మోస్తున్న ఒక 400 కేవీ లైన్ ట్రిప్ కావడంతో భారం పక్క లైన్ల మీద పడి, అవీ ఒకదాని తర్వాత ఒకటి ట్రిప్ అయ్యాయి.

అప్పుడు తెలుగు ప్రాంతాలకు ఏమీ కాలేదు. కారణం, దక్షిణ గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో నేరుగా కలిసి లేదు. విశాఖ గాజువాక, రామగుండంతో ముడిపడిన చంద్రపూర్ భద్రావతి వంటి చోట్ల ఉన్న డీసీ లింకుల ద్వారానే కరెంటు అటూ ఇటూ వెళ్లేది. డీసీ లింకు గోడలా అడ్డు నిలిచి ఆ కుదుపు ఇటు రానివ్వలేదు. కానీ ఆ గోడకు ఇంకో వైపు కూడా ఉంది. అదే కాలంలో ఇక్కడ కరెంటు కొరత తీవ్రంగా ఉండేది, పరిశ్రమలకు పవర్ హాలిడేలు ఇచ్చారు. బయట కరెంటు ఉన్నా కావలసినంత తెచ్చుకునే దారి లేదు. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైన్‌తో దక్షిణ గ్రిడ్ కూడా కలిసింది. దేశమంతా ఒకే ఫ్రీక్వెన్సీలోకి వచ్చింది. లాభం కలిసే వచ్చింది, ప్రమాదమూ కలిసే వచ్చింది. అందుకే ప్రతి సబ్‌స్టేషన్‌లో రిలేలు సరిగ్గా పనిచేయడం ఇప్పుడు దేశానికి సంబంధించిన విషయం.

వలయం అవసరం కూడా ఇందుకే. ఒక లైన్ గానీ, ఒక ట్రాన్స్‌ఫార్మర్ గానీ పోయినా మిగతావి ఆ భారం మోయగలిగేలా వ్యవస్థను తీర్చిదిద్దుతారు. హైదరాబాద్ చుట్టూ ఒక 400 కేవీ సబ్‌స్టేషన్‌లో ఇబ్బంది వస్తే రెండో వైపు నుంచి కరెంటు తేవచ్చు. ఊళ్లో 33/11 కేవీ స్థాయిలో మాత్రం ప్రతి చోటా ఇలాంటి రెండో దారి ఉండదు. ఉన్నచోట కరెంటు త్వరగా వస్తుంది, లేనిచోట మరమ్మతు అయ్యేదాకా ఆగాలి.

సాగర్ ఒడ్డు నుంచి ఇక్కడి దాకా

హైదరాబాద్‌కు ఈ కథ కొత్త కాదు. నిజాం కాలంలో, 1920 ప్రాంతంలో హుస్సేన్ సాగర్ ఒడ్డున థర్మల్ విద్యుత్ కేంద్రం వచ్చింది. అప్పట్లో కరెంటు తయారయ్యేది, వాడేది ఒకే ఊళ్లో. ఆ కేంద్రం ఇప్పుడు లేదు. ఆ చుట్టుపక్కల ఎన్టీఆర్ గార్డెన్, ఐమాక్స్ వచ్చాయి. నగరం పెరిగేకొద్దీ కరెంటు తయారీ దూరం జరిగింది, సబ్‌స్టేషన్లు దగ్గరికి వచ్చాయి.

ఇప్పుడు ఆ పెరుగుదల మోకిల వైపు వచ్చింది. 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ ఇక్కడి ప్లాట్లను వేలం వేసినప్పుడు గజం ధర కొన్నిచోట్ల లక్ష రూపాయలు దాటింది. ఒక పొలంలో ఐదు హార్స్‌పవర్ మోటారు ఉన్న చోట వంద విల్లాలు వస్తే కావలసిన కరెంటు ఎన్నో రెట్లు పెరుగుతుంది. వేళలు కూడా మారతాయి. మోటారు ఎక్కువగా పగలు నడుస్తుంది, ఏసీ రాత్రంతా నడుస్తుంది.

రాష్ట్రం మొత్తం లెక్క కూడా ఇలాగే ఉంది. 2025 మార్చిలో తెలంగాణ గరిష్ఠ డిమాండ్ 17 వేల మెగావాట్లు దాటింది. అది రంజాన్ నెల కూడా. యాసంగి పంటకు బోర్లు, మొదలైన ఎండలు కలిసి ఏటా ఫిబ్రవరి, మార్చిలో ఈ ఒత్తిడి వస్తుంది. కరెంటు కొని తెచ్చినంత మాత్రాన సరిపోదు. దాన్ని దించి ఇళ్లకు పంపే సబ్‌స్టేషన్‌లో ఆ మేరకు సామర్థ్యం ఉండాలి. లేకపోతే రాష్ట్రంలో కరెంటు మిగులుగా ఉన్నా ఊళ్లో లో వోల్టేజీ తప్పదు.

కుటుంబాలు గుర్తుంచుకోవాల్సినవి

కరెంటు పోతే ముందు పక్కింటిని చూడండి. ఒక్క ఇంటికే పోతే తప్పు మన వైరింగ్‌లోనో, సర్వీస్ వైర్‌లోనో ఉంటుంది. వీధికి పోతే ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజ్. ఊరంతా పోతే ఫీడర్ గానీ సబ్‌స్టేషన్ గానీ. ఈ వివరం, బిల్లు మీది సర్వీస్ నంబర్ 1912కు చెబితే సిబ్బందికి వెతుకులాట తగ్గుతుంది. ఫిర్యాదు నంబర్ రాసి పెట్టుకోండి. సమస్య తీరకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, ఆ తర్వాత విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లే హక్కు ఉంది.

ఏసీ, గీజర్ కొన్నాక లోడ్ పెంచమని డిస్కంకు చెప్పండి. ఇంటి లోడ్ ఒక కిలోవాట్ అని రాసి ఉండి వాడకం నాలుగు కిలోవాట్లయితే, డిస్కం కాగితాల మీద ఆ వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తుంది. నిజంలో అది మండిపోతుంటుంది. అలాంటి తప్పు లెక్కలన్నీ కలిసి సబ్‌స్టేషన్ విస్తరణ ప్రణాళికను కూడా తప్పుదారి పట్టిస్తాయి.

ఇంట్లో, మస్జిద్‌లో, ఫంక్షన్ హాల్‌లో జనరేటర్ ఉంటే ఛేంజోవర్ స్విచ్ తప్పనిసరి. అది లేకుండా నేరుగా కలిపితే జనరేటర్ కరెంటు వెనక్కి లైన్‌లోకి వెళ్తుంది. వీధి ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని ఈసారి తిరగేసి 11 కేవీకి పెంచుతుంది. ఎల్‌సీ తీసుకుని, లైన్ ఆగిందని నమ్మి స్తంభం మీద ఉన్న లైన్‌మన్‌కు అది ప్రాణాంతకం.

తెగిన తీగ దగ్గరికి వెళ్లకండి, కర్రతో కూడా కదపకండి. దూరంగా నిలబడి ఇతరులను ఆపండి, 1912కు చెప్పండి. సబ్‌స్టేషన్ కంచె లోపల బంతి పడినా, పతంగి చిక్కుకున్నా పిల్లలను లోపలికి పంపొద్దు. ఆ వోల్టేజీలో తీగను ముట్టుకోనక్కర్లేదు, దగ్గరగా వెళ్లినా చాలు.

జులూస్‌లు, ఊరేగింపుల్లో ఎత్తు చూసుకోవాలి. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. మీలాద్ జులూస్‌లో పొడవైన ఇనుప జెండా కర్రలు, ముహర్రంలో ఎత్తైన అలాములు, ట్రక్కుల మీద కట్టే తోరణాలు తీగల కింద నుంచి వెళ్తాయి. దారి ముందే డిస్కం సిబ్బందికి చెబితే తీగలు ఎక్కడ కిందికి వేలాడుతున్నాయో చూస్తారు, అవసరమైతే ఆ కాసేపు ఫీడర్ ఆపుతారు. ఇనుప కర్రల బదులు పొట్టి చెక్క కర్రలు వాడటం, జులూస్ ముందు తీగలను చూసుకుంటూ నడిచే ఇద్దరు పెద్దలను పెట్టడం ఏ కమిటీకైనా ఖర్చు లేని పని.